గాలి ట్యాంకులకు నీటి పరీక్ష కావాలి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజలకు, అధికారులకు విన్నపం

గాలిని ఒత్తిడితో కుదించి ట్యాంకులో నిల్వచేసే యంత్రాన్ని కంప్రెసర్ అంటారు. 44వ జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి కూడలి దగ్గరి టైర్ల దుకాణాల్లోనూ, నీరు తక్కువగా ఊరే బోర్ల దగ్గరా, బావులు లోతు చేయడానికి రాతిలో రంధ్రాలు వేసే ట్రాక్టర్ల మీదా, వాహనాలకు రంగు కొట్టే షెడ్లలోనూ ఈ యంత్రమే పనిచేస్తుంది. వీటిలో కంపెనీ నుంచి కొత్తగా కొన్నవాటితోపాటు, ఒక చోట దొరికిన పాత కంప్రెసర్ తలకు మరో చోటి మోటారు బిగించి, తుక్కు దుకాణంలో తూకానికి కొన్న ట్యాంకుకు గొట్టాలు వెల్డింగు చేసి సొంతంగా కూర్చుకున్నవీ ఉంటాయి. ఇలా సొంతంగా కూర్చిన, లేదా పాతబడిన ప్రతి గాలి ట్యాంకుకూ ఏడాదికి ఒకసారి నీటితో ఒత్తిడి పరీక్ష జరగాలనీ, ఆ పరీక్షను తక్కువ రుసుముతో చేసే కేంద్రాన్ని వనపర్తి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో తెరవాలనీ ఈ కరపత్రం కోరుతోంది.

సొంతంగా యంత్రం కూర్చుకునే మెకానిక్‌ను తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఈ జిల్లాలున్న పాలమూరు నేలలో అడుగున ఉన్నది గట్టి రాయి కనుక బోరులో నీరు రాతి పగుళ్లలోంచి కొద్దికొద్దిగా ఊరుతుంది. అలాంటి బోర్లలో నీటిలో మునిగి ఉండే మోటారు తగినంత నీరు అందక కాలిపోయే ప్రమాదం ఉన్నందువల్ల, కదిలే భాగమేదీ లోపలికి దించకుండా గాలితోనే నీరు పైకి తెచ్చే పద్ధతిని రైతులు ఎంచుకున్నారు. సన్నని గొట్టం ద్వారా బోరు అడుగుకు పంపిన గాలి బుడగలుగా నీటిలో కలిసి, ఆ మిశ్రమాన్ని చుట్టూ ఉన్న నీటికన్నా తేలిక చేస్తుంది, దాంతో అది పైకి పొంగి వస్తుంది. జర్మనీకి చెందిన గనుల నిపుణుడు కార్ల్ లోషర్ 1797లోనే ఈ సూత్రాన్ని వివరించాడు. నీటి లోతు ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో చొప్పున ఒత్తిడి కావాలి. మెకానిక్‌లు దీన్నే క్లుప్తంగా ఒక కేజీ అంటారు. రాత్రంతా ఊరిన నీరు గొట్టం కొన మీద 80 మీటర్లు నిలిస్తే, పొద్దున మోటారు వేయగానే కంప్రెసర్ 8 కేజీల ఒత్తిడి అందుకోవాలి. లారీ టైరుకూ దాదాపు అంతే కావాలి. బోరు లోతు పెరిగిన కొద్దీ రైతు గొట్టాన్ని మరింత కిందికి దించుతాడు, మోటారును మారుస్తాడు, కాని ట్యాంకు మాత్రం పాతదే ఉండిపోతుంది.

గాలిని కుదించినప్పుడు అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనివ్వకుండా ఒకే దెబ్బలో ఏడు కేజీల ఒత్తిడికి కుదిస్తే, లెక్క ప్రకారం దాని వేడి సుమారు 275 డిగ్రీలకు చేరుతుంది. అదే పనిని రెండు అంచెల్లో, నడుమ గాలిని రెక్కల గొట్టంలో చల్లార్చి చేస్తే ఏ అంచెలోనూ 140 డిగ్రీలు దాటదు. రెండు అంచెల కంప్రెసర్‌లో ఒక సిలిండరు పెద్దది, మరొకటి చిన్నది ఉండటానికి కారణం ఇదే. గాలి తుపాకులకూ నీటి అడుగున ఈదేవారి సిలిండర్లకూ కావలసిన 200 కేజీల ఒత్తిడిని ఇదే లెక్కన ఒకే అంచెలో సాధించబోతే వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, అక్కడున్న నూనె ఆవిరి డీజిల్ ఇంజనులో మాదిరిగా అంటుకుంటుంది. అందుచేత అంతటి ఒత్తిడి గల యంత్రాన్ని ఇంట్లో తయారుచేసే ప్రయత్నం ఎవరూ, ఏ కారణంతోనూ చేయకూడదు.

అయితే ఈ జిల్లాల్లో అసలు ప్రమాదం పది కేజీల లోపు ట్యాంకుల్లోనే దాగి ఉంది. 200 లీటర్ల ట్యాంకులో 10 కేజీల ఒత్తిడితో ఉన్న గాలి ఒక్కసారిగా విడుదలైతే వెలువడే శక్తి, ఒక టన్ను బరువును పాతిక మీటర్లకు పైగా ఎత్తగలిగినంత ఉంటుంది. ఆ శక్తిని ఆపి ఉంచేది ఇనుప రేకు మందం మాత్రమే. 40 సెంటీమీటర్ల వ్యాసం గల ట్యాంకులో రేకు 4 మిల్లీమీటర్లు ఉంటే, 10 కేజీల ఒత్తిడి దగ్గర ఆ రేకు చదరపు సెంటీమీటరుకు 500 కిలోల లాగుడును భరిస్తుంది. సాధారణ ఉక్కు 2,500 కిలోల వరకు సాగిపోకుండా నిలుస్తుంది కనుక అయిదు రెట్ల భద్రత ఉన్నట్టు. తుప్పు తిని అదే రేకు ఒక మిల్లీమీటరుకు చేరితే లాగుడు 2,000 కిలోలవుతుంది, భద్రత దాదాపు హరించుకుపోతుంది. ట్యాంకు పొడవునా వెళ్లే అతుకు మీద పడే లాగుడు, చుట్టూ తిరిగే అతుకు మీద పడేదానికి రెట్టింపు ఉంటుంది కాబట్టి సాధారణంగా చీలిక నిలువునా సాగుతుంది. ఇదంతా పైకి కనిపించదు. గాలిలోని తేమ చల్లబడి నీరై ట్యాంకు అడుగున చేరుతుంది, రోజూ ఆ నీటిని వదిలే అలవాటు లేని చోట రేకు లోపలి నుంచి పలచబడుతుంది, బయట మాత్రం ఏటా వేసే నీలి రంగు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది.

ట్యాంకుకు బదులుగా వాడే వస్తువుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. వంటగ్యాసు సిలిండరు 8 కేజీల ఒత్తిడిని కొత్తలో సులభంగా తట్టుకుంటుందన్నది నిజమే. కాని అది చమురు కంపెనీ ఆస్తి, తడిగాలికి తయారైనది కాదు, మిగిలిన గ్యాసు ఉండగా దాని మీద వెల్డింగు పెట్టడం ప్రాణాంతకం, పెట్టిన తరువాత ఆ చోట ఉక్కు మునుపటి బలంతో ఉంటుందన్న హామీ లేదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ తన నూనెను గాలితోపాటు బయటికి పంపేసి, చల్లార్చే వాయువు అందక వేడెక్కుతుంది. పీవీసీ నీటి గొట్టాన్ని గాలికి వాడితే అది చీలదు, ముక్కలుగా పగిలి ఎగురుతుంది. వీటన్నిటికన్నా ఘోరమైనది, ఒత్తిడి హద్దు మీరగానే తెరుచుకుని గాలిని వదలవలసిన సేఫ్టీ వాల్వు కారుతోందని దాన్ని తీసేసి ఆ రంధ్రంలో బోల్టు బిగించడం.

నీటి పరీక్ష అంటే ట్యాంకులోని గాలినంతా వదిలి, నీటితో పూర్తిగా నింపి, చేతి పంపుతో పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, కొంతసేపు ఆపి, కారడం, ఉబ్బడం ఉన్నాయేమో చూడటం. నీరు దాదాపు కుదించుకుపోదు కనుక ట్యాంకు పగిలినా గాలి విడుదల చేసే శక్తిలో రెండువేల వంతు కూడా వెలువడదు. చీలిక నుంచి నీరు చిమ్మి ఒత్తిడి పడిపోతుంది. ఇదే పరీక్షను గాలితో చేయడం మాత్రం ప్రమాదాన్ని చేతులారా పిలవడమే. పరీక్షతోపాటు శబ్ద తరంగాలతో రేకు మందాన్ని కొలిచే చిన్న పరికరాన్ని అడుగు భాగంలో ఆనిస్తే తుప్పు ఎంత తిన్నదో తెలుస్తుంది.

ఇంత అవసరమైన పరీక్ష జరగకపోవడానికి చట్టంలోని ఖాళీ ఒక కారణం. 1863లో కలకత్తాలో జరిగిన బాయిలర్ పేలుడు తరువాత బెంగాల్‌లో 1864లో చట్టం వచ్చింది, 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టం వచ్చింది; దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం కింద కూడా 25 లీటర్లు మించిన ఆవిరి బాయిలర్‌కు తనిఖీ తప్పదు. గాలి ట్యాంకుకు అలాంటి రక్ష లేదు. 2016 నాటి పీడన పాత్రల నియమాలు 1,000 లీటర్లు మించిన వాటికే వర్తిస్తాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ఒత్తిడి యంత్రాల భద్రతను కోరినా, కరెంటుతో నడిచే చోట పదిమంది పనివారు ఉంటేనే అది ఫ్యాక్టరీగా లెక్కకు వచ్చేది. 2020 నాటి కొత్త కార్మిక భద్రత కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. ఇద్దరు పనిచేసే పంచర్ షాపు ఏ లెక్కలోకీ రాదు, అక్కడ గాలి పట్టే పిల్లవాడి ప్రాణమూ రాదు.

చట్టం మారేదాకా వేచి ఉండనవసరం లేదు. రాజప్రాసాదంలో 1959లో మొదలైన వనపర్తి కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు ఈ మూడు జిల్లాల్లో మెకానిక్ విద్యకు సంబంధించి ఉన్న పేరు చిన్నది కాదు. చేతి పంపు, సరిచూసిన ఒత్తిడి మీటరు, మందం కొలిచే పరికరం, వీటికయ్యే ఖర్చు ప్రభుత్వ కళాశాలకు భారం కాదు. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు ఈ పని చేస్తే అది వారికి పాఠమూ అవుతుంది. గద్వాల, నాగర్‌కర్నూల్ వాసులు ట్యాంకును అంత దూరం మోసుకురాలేరు కనుక, పరికరాలను వాహనంలో నెలకొకసారి ఆ పట్టణాలకు తీసుకువెళ్లాలి. నెగ్గిన ట్యాంకుకు తేదీ, అనుమతించిన ఒత్తిడి చెక్కిన రేకు ముక్కను బిగించాలి. మున్సిపాలిటీలు వ్యాపార లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు ఆ రేకును అడగాలి.

తనిఖీ అనగానే వేధింపులని దుకాణదారులు భయపడటం సహజం, ఆ భయానికి ఆధారం లేదనీ అనలేము. అందుకే పరీక్ష బాధ్యతను అధికారికి గాక విద్యాసంస్థకు అప్పగించాలని, మొదటి రెండేళ్లు జరిమానా అనేదే ఉండకూడదని, ఓడిపోయిన ట్యాంకు స్థానంలో ధ్రువీకరించిన కొత్త ట్యాంకు కొనడానికి చిన్న రుణం ఇప్పించాలని ఈ కరపత్రం కోరుతోంది. కంప్రెసర్ తలను, మోటారును ఎవరైనా సొంతంగా కూర్చుకోవచ్చు. ట్యాంకును మాత్రం తుక్కులోంచి తీసుకోకూడదు.

మూడు జిల్లాల కలెక్టర్లు, మున్సిపల్ పాలకవర్గాలు, పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ ఈ ఏడాదిలోనే కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. ఆ లోగా ప్రతి యజమాని ఈ రోజే ట్యాంకు అడుగున ఉన్న నీటిని వదలాలి, సేఫ్టీ వాల్వు రింగును లాగి అది తెరుచుకుంటున్నదో లేదో చూడాలి, తెరుచుకోకపోతే కొత్తది బిగించేదాకా మోటారు వేయకూడదు.