చౌక ఆవు వేరు, చౌకగా పెరిగే ఆవు వేరు

కోనసీమలో సంకరజాతి పాడి గిట్టుబాటుపై ఒక పరిశీలన

అమలాపురం :

కోనసీమ వర్తకునికి కొబ్బరికాయ బేరం నేర్పవలసిన పని లేదు. అంబాజీపేటలో రాశి ముందు నిలబడి కాయను చెవి దగ్గర ఆడించి చూస్తే చాలు, అది కురిడీకి నిలుస్తుందో, పచ్చికాయగానే లారీ ఎక్కవలసి వుంటుందో చెప్పగలడు. అదే వర్తకుడు నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది తోటలో కట్టుకోవటానికి ఒక సంకరజాతి ఆవును కొనబోతే మాత్రం ఒకే ప్రశ్న అడుగుతాడు. ఎంతలో వస్తుంది? ఎంత తక్కువకు వస్తే అంత లాభమని నమ్మకం. కొబ్బరిలో నిలవని యీ నమ్మకం పాడిలో ఎట్లా నిలిచిందో ఆశ్చర్యమే.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పాడి అంటే నేటికీ గేదే. చిక్కని పాలకు అలవాటుపడిన యీ బజారులో ఆవుపాలకు రెండవ స్థానమే. అయినప్పటికీ దేశం మొత్తం మీద గాలి వేరే దిక్కుకు వీస్తున్నది. 2019 పశుగణనలో 19 కోట్లకు పైగా వున్న ఆవుజాతి పశువులలో సుమారు 5 కోట్లు విదేశీ, సంకరజాతులకు చెందినవి. 2012 గణనతో పోల్చితే యీ తరగతి పెరగగా, నాటుజాతి తగ్గింది. కావున కోనసీమలోనూ సంకరజాతి పశువుల బేరాలు ఇకపై హెచ్చుతాయే గాని తగ్గవు. ఆ బేరంలో నష్టపోకుండా వుండాలంటే లెక్క మొదట తెలియాలి.

పాల రాబడి, మేత ఖర్చు

లెక్క కోసం రెండు ఆవులను తీసుకోవచ్చు. మొదటిది 40,000 రూపాయలకు వచ్చిన చౌక పశువు. ఈనిన తరువాత 300 రోజుల పాటు సగటున రోజుకు 6 లీటర్లు ఇస్తుంది. రెండవది 75,000 రూపాయల ఖరీదు గలది, సగటున 10 లీటర్లు ఇస్తుంది. పాల ధర లీటరుకు 36 రూపాయలు, దాణా కిలో 26 రూపాయలు అనుకుంటే, శరీర పోషణకు ఒక కిలో, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు మరొక కిలో చొప్పున దాణా పెట్టటం వాడుకలో వున్న కొలత. మందులు, చిల్లర ఖర్చులకు రోజుకు 20 రూపాయలు. ఇవన్నీ ఊహించిన ధరలే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకుని సరిచూసుకోవచ్చు.

పచ్చిగడ్డి, ఎండుగడ్డి కొని పెట్టేవానికి వాటి మీద రోజుకు 90 రూపాయలు అవుతుందనుకుంటే, మొదటి ఆవు రాబడి 216 రూపాయలు, ఖర్చు 198 రూపాయల 40 పైసలు. మిగులు 18 రూపాయల లోపే. రెండవ ఆవు రాబడి 360, ఖర్చు 240. మిగులు 120 రూపాయలు.

అంతటితో లెక్క ముగియదు. ఈతకు, ఈతకు మధ్య 400 రోజులు అనుకుంటే, 100 రోజులు వట్టిపోయిన ఆవును మేపాలి. కొని మేపేవానికి రోజుకు 120 రూపాయల చొప్పున 12,000 రూపాయలు అందుకు పోతాయి. అప్పుడు 40,000 రూపాయల చౌక ఆవు ఈత మొత్తం మీద 6,720 రూపాయల నష్టం తెస్తుంది. 75,000 రూపాయల ఆవు 24,000 రూపాయలు మిగులుస్తుంది.

ఇక గడ్డి సొంత తోటలో పండించుకునే రైతు సంగతి. అతనికి మేత ఖర్చు రోజుకు 30 రూపాయలు, వట్టిరోజులలో మొత్తం ఖర్చు 60 రూపాయలు అనుకుంటే, అదే చౌక ఆవు 17,280 రూపాయలు, ఖరీదైన ఆవు 48,000 రూపాయలు మిగులుస్తాయి.

ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. కొనుగోలులో ఆదా చేసిన 35,000 రూపాయలు ఒకే ఒకసారి మిగిలేవి. పాలలో తగ్గే 30,720 రూపాయలు మాత్రం ప్రతి ఈతకూ తగ్గుతూనే వుంటాయి. చౌక ఆవును లాభం వైపుకు తిప్పినది దాని ధర కాదు, తోటలో పెరిగిన గడ్డి. చౌక వెతకవలసినది సంతలో కాదు, పెరటిలో.

కోనసీమకు గల వసతి

ఈ విషయంలో కోనసీమ అదృష్టవంతమైనదే. కొబ్బరి చెట్ల నడుమ నేల వున్నది. గినీ గడ్డి, నేపియర్ వంటి బహువార్షిక గడ్డిజాతులు ఆ అరనీడలో బాగానే వస్తాయి. పేడ తిరిగి చెట్టు మొదటికే చేరుతుంది. వరి కోతలకు ముందు చేలో చల్లే పిల్లిపెసర వేసవి మొదట వరకు పచ్చిమేత నిస్తుంది. కొబ్బరినూనె గానుగల నుంచి చెక్క, రైసుమిల్లుల నుంచి తవుడు, చిట్టు, అపరాల నుంచి పొట్టు చేతికందే దూరంలోనే దొరుకుతాయి.

అయితే లోపాలు కూడా వున్నవి. కోత యంత్రాలు వచ్చిన తరువాత వరిగడ్డి నలిగి చేలోనే మిగిలిపోతున్నది. దానిని చుట్టలు కట్టించి ఇంటికి చేర్చటం కొత్త ఖర్చు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని ఖరీఫు సాగునే మానివేసి పంటవిరామం పాటించారు. వరి వేయని ఏడాది బియ్యంతో పాటు గడ్డికీ కరవే. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలో బోరు లేని తోటలో పచ్చిగడ్డి వుండదు. 2022 జులై గోదావరి వరదలలో లంక గ్రామాలు మునిగినపుడు పశువును మెరకకు చేర్చటం, దానికి మేత సమకూర్చటం ఎంత కష్టమో అక్కడివారికి చెప్పనక్కరలేదు. నెల రోజుల గడ్డి నిలవ లేనివాడు లంకలో 10 లీటర్ల ఆవును కట్టరాదు.

వెన్న ధరా, పాల ధరా?

గేదె పాలలో 7 శాతం, ఆవు పాలలో 4 శాతం వెన్న అనుకుంటే, 6 లీటర్ల గేదె పాలలో 420 గ్రాములు, 10 లీటర్ల ఆవు పాలలో 400 గ్రాములు వెన్న వుంటుంది. కొనుగోలుదారు వెన్నకు మాత్రమే ధర కట్టే చోట 10 లీటర్ల ఆవు 6 లీటర్ల గేదెకు కూడా సరితూగదన్నమాట. అదే వెన్నతో పాటు వెన్నేతర ఘనపదార్థాలకు కూడా ధర కట్టే చోట, ఆవుపాలలో అవి ఎనిమిదిన్నర శాతం, గేదెపాలలో 9 శాతం చొప్పున లెక్కించినా, ఆవు వైపున 850 గ్రాములు, గేదె వైపున 540 గ్రాములు తూగుతాయి. ఆవు కొనటానికి ముందు సంతకు కాదు, పాలకేంద్రానికి వెళ్లి ధరల పట్టిక చూడాలనటం యీ కారణం చేతనే.

నెయ్యి బజారు సంగతి వేరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్నలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యికి గిరాకీ పెరిగితే ఎక్కువ లాభపడేది వెన్నశాతం హెచ్చుగా గల గేదె. సంకరజాతి ఆవుకు మిగిలేది పాలు, పెరుగు, టీ దుకాణాల బజారు. ఆ బజారు దగ్గరలో వున్నవాడే దానిని కట్టాలి. దేవాలయాల వద్ద ఆవునెయ్యికి వుండే ప్రత్యేక గిరాకీని నమ్ముకుని మందలు పెంచటం వ్యాపారం అనిపించుకోదు.

చివరి ధర లేని సరకు

గేదె ముసలిదైనా దానికో ధర వుంటుంది. ఆవుకు అది లేదు. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం. సంకరజాతి కోడెదూడను దుక్కికి అడిగేవారు కూడా లేరు. ట్రాక్టరు వచ్చిన తరువాత నాటు ఎద్దుకే గిరాకీ పోగా, మూపురం లేని, ఎండకు ఆగని సంకరజాతి ఎద్దును ఎవరు అడుగుతారు? కావున ఆవుకు పెట్టిన ఖరీదు మొత్తం పాలలోనే రాబట్టుకోవాలి. 75,000 రూపాయల ఆవు 5 ఈతలు ఇస్తుందనుకుంటే, ఈతకు 15,000 రూపాయలు తరుగు కింద తీసివేయాలి. సొంత గడ్డి గల రైతుకు 48,000 పోయి 33,000 మిగులుతాయి. చౌక ఆవు మీద తరుగు 8,000 పోగా 9,280 రూపాయలు మాత్రమే మిగులుతాయి. ఇంటివారి కష్టానికి కూలి ఇందులోనే చూసుకోవాలి. 400 రోజుల చాకిరీకి 9,280 రూపాయలంటే రోజుకు పాతిక రూపాయల లోపే. దీనిని పాడి అనవచ్చునేమో గాని వ్యాపారం అనలేము.

ఎద తప్పిన ప్రతిసారీ మరి 21 రోజులు ఆగాలి. సొంత గడ్డి వున్నా 1,260 రూపాయలు, కొని మేపితే 2,520 రూపాయలు పాలచుక్క లేకుండా ఖర్చవుతాయి. వేసవి ఉక్కలో సంకరజాతి ఆవు ఎద లక్షణాలు సరిగా చూపదు, చూపినా చూలు నిలవటం తక్కువ. చిత్తూరు వైపు మెట్ట ప్రాంతాల నుంచి, కర్ణాటక, తమిళనాడుల నుంచి లారీలో దించిన పశువుకు డెల్టా ఉక్క, ఇక్కడి రోగాలు కొత్త. పిడుదుల వలన సోకే థైలీరియా జ్వరాన్ని నాటు పశువు తట్టుకున్నట్లు ఇది తట్టుకోదు. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ముద్దచర్మ వ్యాధి ఆవులను ఎట్లా తీసుకుపోయిందో పాడి వర్తకులు మరువరాదు. గేదెలకు దాని బాధ తక్కువ.

అందువలననే నిజమైన చౌక పశువు ఇంట పుట్టిన పెయ్య. రోజుకు 35 రూపాయల ఖర్చుతో 30 నెలలు పెంచితే 31,500 రూపాయలు అవుతుంది. ఇది సంతలోని చౌక ఆవు ధర కన్న తక్కువే. పైగా దాని తల్లి పాలెన్నో తెలుసు, వేసిన టీకాలు తెలుసు, యీ నీటికి, యీ గాలికి అలవాటుపడినది. లింగనిర్ధారిత వీర్యంతో పుట్టే దూడలలో సుమారు 90 శాతం పెయ్యలే కావటంతో, అడిగేవారు లేని కోడెదూడల భారం కూడా తగ్గుతున్నది. తీరప్రాంతపు ఉక్కకు విదేశీ రక్తం సగం మించకుండా, జెర్సీ సంకరం వైపు మొగ్గటమే క్షేమం. ఎక్కువ పాల ఆశతో హోల్‌స్టీన్ రక్తం పెంచుకుంటూ పోయినవారు పంకాలకు, మందులకు పెట్టిన ఖర్చును కూడా లెక్కలో చూపాలి.

ఇందుకు కేరళ అనుభవమే సాక్ష్యం. అక్కడా కొబ్బరి, ఉక్క, చిన్న కమతాలే. 1963లో మాట్టుపెట్టిలో ప్రారంభమైన ఇండో-స్విస్ ప్రాజెక్టు నుంచి సునందిని జాతి వచ్చింది. ఆ రాష్ట్రపు ఆవులలో నూటికి తొంభైకి పైగా సంకరజాతివే. అయినా 1990ల తరువాత అక్కడ పశువుల సంఖ్య బాగా తగ్గింది. జాతి మారినంత మాత్రాన గిట్టుబాటు రాదు. దాణా, గడ్డి బయట నుంచి కొనవలసి వచ్చిన చోట మంచి జాతి కూడా నిలవలేదు.

వర్తకుల వంతు

ఈ వ్యవహారం పాలవారిది మాత్రమే అనుకోవటం పొరపాటు. కొబ్బరిచెక్క వర్తకునికి ఆవు నిత్య ఖాతాదారు. వానాకాలంలో చెక్క నిలవవుంటే కనరెక్కుతుంది. ఊరిలోనే ఏనెలకానెల కొనేవాడుంటే నిలవ భయం వుండదు. అయితే కనరిన చెక్కను, ఊక కలిసిన తవుడును తెలిసి తెలిసి అంటగట్టేవాడు తన ఖాతాదారునే చంపుకుంటున్నాడు. 2023 జులైలో కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించటానికి పశుదాణా ధరల పెరుగుదలే కారణం. తవుడు ధర ఎక్కడో ఎగుమతిదారుల లెక్కలతో కదిలినా, దాని ఫలితం రాజోలులో పాలు పితికేవాని మీద పడుతుంది. మంచి పాలకాలంలో మూడు నెలల దాణాకు ముందుగా ధర కుదుర్చుకునే పద్ధతి యిక్కడ ఎవరైనా ప్రారంభిస్తే ఉభయులకూ మేలు.

ఇక పశు దళారుల సంగతి. తువ్వాలు కింద వేళ్లు పట్టి సాగించే బేరంలో ధర కొనేవానికి, అమ్మేవానికి మాత్రమే తెలుస్తుంది. బజారుకు ధర ఏమిటో తెలియదు. ముందు పూట పాలు పితకకుండా పొదుగు నింపి తెచ్చిన ఆవును చూసి మోసపోయినవారు ప్రతి సంతలోనూ వుంటారు. నేడు పశువు చెవికి 12 అంకెల గుర్తింపు బిళ్ల వున్నది. ఆ సంఖ్య, ఎన్నవ ఈత, ఏ తేదీన ఈనినది, వరుసగా రెండు పూటలు ఎదుట పితికిన పాలు, వేసిన టీకాలు, సూడిదైతే వైద్యుని పరీక్ష. ఇంత మాత్రం కాగితం మీద వ్రాసి ఇచ్చే దళారి అదనంగా వెయ్యి రూపాయలు కమీషను అడిగినా ఇవ్వవచ్చు. కాగితం లేని ఆవుకు చెప్పిన ధరలో నుంచి ఒక ఈత తరుగు తీసివేసి బేరమాడటం కొనుగోలుదారు హక్కు.

మొత్తం మీద కోనసీమలో సంకరజాతి పాడికి చోటు వున్నది గాని అది అందరికీ కాదు. సొంత గడ్డి, పిలిస్తే పలికే పశువైద్యుడు, ఘనపదార్థాలకూ ధర కట్టే పాలకేంద్రం. ఈ మూడూ వున్నవాడు 75,000 పెట్టినా భయపడనక్కరలేదు. ఈ మూడింటిలో ఏ రెండు లేకపోయినా 40,000 రూపాయల ఆవు కూడా ఖరీదైనదే. అటువంటివాడు గేదెతోనే సరిపెట్టుకోవటం, లేదా ఒక పెయ్యతో మొదలుపెట్టి గడ్డిని, మందను కలిపి పెంచుకోవటం మేలు. కొబ్బరి మొక్క నాటినవాడు కాపుకు ఏళ్ల తరబడి ఆగుతాడు. పెయ్య అడిగేది అందులో సగం ఓర్పే.