పావుమైలు పందెం

కోల్‌కతా నగరంలోని మైదానం అంచున రెడ్ రోడ్ అనే విశాలమైన రాజపథం ఒకటి ఉన్నది. ఇరువైపులా చెట్లు, పచ్చిక. నడుమ వంకర లేని దారి. గణతంత్ర దినోత్సవ కవాతు జరిగేది ఇక్కడే, ఈద్ నాడు వేలాదిమంది ప్రార్థనకు బారులు తీరేదీ ఇక్కడే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, ఈ రోడ్డే యుద్ధవిమానాలు దిగి ఎగిరే బాటగా మారినది. యుద్ధం ముగిసినది, విమానాలు వెళ్లిపోయినవి, దారి మిగిలినది.

యుద్ధం అమెరికాలోనూ ఇటువంటి బాటలను విడిచి వెళ్లినది. సైన్యం నుండి ఇళ్లకు తిరిగి వచ్చిన యువకులు పాత కార్లను చవకగా కొని, ఇంజన్లకు బలం పోసి, ఎవరి బండి వడిగలదో తేల్చుకొనసాగారు. మొదట అందుకు దొరికిన స్థలం ఊరి వీధులే. దారిన పోయే వారికి అది ప్రాణసంకటమైనది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, పోలీసులు వెంటబడ్డారు. అప్పుడు 'హాట్ రాడ్' అనే పత్రికకు సంపాదకుడైన వాలీ పార్క్స్ వేరొక ఉపాయం ఆలోచించాడు. ఈ యువకులను అణచివేయడం సాధ్యం కాదు. కాని వీధి నుండి తప్పించి, నియమాల నడుమకు తీసుకురావడం సాధ్యమే. 1951లో ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంస్థను స్థాపించాడు. 1955లో ఆ సంస్థ తన మొదటి జాతీయ పోటీని కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్ పట్టణంలో నడిపినది. వేదిక, యుద్ధకాలపు విమానాల బాట!

ఈ పందెం పేరు డ్రాగ్ రేసు. దీనిలో మలుపులు లేవు. రెండు వాహనాలు పక్కపక్కన నిలిచి, నిలిచిన చోటి నుండి ఒక్కసారిగా బయలుదేరి పావుమైలు, అనగా 402 మీటర్లు, దూసుకుపోవాలి. ఓడినవారు ఇంటికి, గెలిచినవారు తరువాతి జతకు. పదహారుగురు ఎనిమిదిమంది, ఎనిమిదిమంది నలుగురు, నలుగురు ఇద్దరు అవుతారు. తొలినాళ్లలో ఒక మనిషి జెండా ఊపి పందెం ప్రారంభించేవాడు. 1963 నుండి ఆ పని ఒక దీపస్తంభానిది. పసుపు దీపాల వెనుక పచ్చదీపం వెలుగుతుంది. పచ్చదీపానికి ముందే కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది, పందెం పోయినట్లే.

ఇందులో ఒక చిత్రమున్నది. అందరికంటె వడిగల బండి గెలిచితీరుతుందని చెప్పలేము. ఒకడు 5.70 సెకన్లలో దూరం దాటినాడనుకొందాం. కాని దీపం చూచి కదలడానికి 0.20 సెకను ఆలస్యం చేసినాడు. రెండవవాడికి దూరం దాటడానికి 5.80 సెకన్లు పట్టినది; కాని 0.05 సెకనులోనే కదిలినాడు. మొత్తం లెక్కలో మొదటివానికి 5.90, రెండవవానికి 5.85. గెలుపు రెండవవానిదే. తొందరపడినా ఓటమే, తడబడినా ఓటమే.

ఒక్క పోటీలో గెలిస్తే ఆ ఏటి విజేత కాడు. ఋతువు పొడుగునా జరిగే పోటీలలో కూడబెట్టిన పాయింట్లే దానిని నిర్ణయిస్తాయి. 1975 ఋతువు చివరి పోటీ కాలిఫోర్నియాలోని ఆంటారియోలో జరిగినది. అక్కడ డాన్ గార్లిట్స్ 5.63 సెకన్లలో పావుమైలు ముగించి, గంటకు 250 మైళ్ల వేగాన్ని మించి, టాప్ ఫ్యూయల్ విభాగంలో విజేత అయినాడు. రెండేళ్ల తరువాత, 1977లో, అదే విభాగపు కిరీటం షర్లీ మల్డౌనీ అనే మహిళకు దక్కినది. అంతవరకు ఏ స్త్రీకీ అందని గౌరవమది. 1980లోనూ, 1982లోనూ ఆమే మరల గెలిచినది.

ఈ కిరీటాలకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1970లో బండిలోని యంత్రభాగం పేలి గార్లిట్స్ పాదంలో కొంత తెగిపోయినది. ఆసుపత్రి పడకమీదనే ఆయన ఇంజనును నడిపేవాని వెనుకకు మార్చే ఆలోచన చేసి, మరుసటి ఏడు ఆ బండితోనే గెలిచి చూపినాడు. తరువాత అందరూ ఆ మార్గమే పట్టారు. 1984లో మల్డౌనీ కాళ్లు నుజ్జయినవి. ఆమె రెండేళ్లకు తిరిగి వచ్చినది. 2008లో స్కాట్ కలిట్టా ప్రమాదంలో మరణించినప్పుడు, నిర్వాహకులు అతివేగపు విభాగాలకు పందెపు దూరాన్నే వెయ్యి అడుగులకు తగ్గించివేశారు.

మన దేశంలోనూ ఈ వేగపు ముచ్చట యుద్ధపు బాటల మీదనే పుట్టినది. మద్రాసు చెంత షోలవరంలో, కలకత్తా చెంత బారక్‌పూర్‌లో, విమానాల బాటల మీద కారు పందేలు జరిగేవి. మద్రాసువారు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన పందెపు మార్గాన్ని నిర్మించుకొన్నారు. బారక్‌పూర్ బాట వైమానికదళం చేతిలోనే ఉండిపోయినది. కలకత్తాకు సొంతమైన పందెపు మార్గం ఏర్పడలేదు.

అయితే కోరిక ఆగలేదు. 2015లో ప్రారంభమైన 'మా' ఫ్లైఓవర్ మీద రాత్రివేళ మోటారు సైకిళ్ల పందేలు పోలీసులకు తలనొప్పిగా మారాయి. చివరకు రాత్రులందు ద్విచక్రవాహనాలను నిషేధించవలసి వచ్చినది. 2016 జనవరి 13న రెడ్ రోడ్‌లో కవాతు అభ్యాసం జరుగుతుండగా, ఒక కారు అడ్డుకట్టలను ఛేదించుకొని దూసుకువచ్చి ఒక యువ వైమానిక సైనికుని బలిగొన్నది. అది పందెం కాదు. కాని వీధిలో హద్దులేని వేగానికి మూల్యం చెల్లించేది ఎవరో ఆ ఉదయం నగరానికి తెలిసివచ్చినది.

మోటారు వాహనాల చట్టంలోని 189వ విభాగం ప్రకారం బహిరంగస్థలంలో పందెం వేయడం నేరం. 2019 సవరణ మొదటి తప్పుకు జరిమానాను 500 రూపాయల నుండి 5,000కు పెంచినది. కాని ఆ నిబంధనలో మరొక మాట కూడ ఉన్నది: రాష్ట్రప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా జరిపే పందెమే నేరమట. అనగా చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. గడియ ప్రభుత్వం చేతికిచ్చినది.

శిక్షలు వలదని ఎవరూ అనరు. అయితే వాలీ పార్క్స్ శిక్షతో పాటు స్థలాన్నీ చూపించాడు. ఒక తిన్నని బాట, ఒక దీపస్తంభం, చెంతనే వైద్యుడు, తలకు శిరస్త్రాణం. ఇంతటితో అల్లరిమూక క్రీడాకారులుగా మారినది. కోల్‌కతాలో ఈ రాత్రి కూడ ఎవరో ఒక యువకుడు పచ్చదీపం కోసం ఎదురుచూస్తూ బండిని గర్జింపజేస్తూ ఉంటాడు. అతని ఎదుట ఉన్నది నాలుగు వీధుల కూడలి కాకుండా ఎవరూ అడ్డురాని పావుమైలు బాట అయితే, ఆ ఇంట తల్లి నిశ్చింతగా నిద్రపోగలదు.