తెలుగు చదివినవారికి కంప్యూటరు విద్య దూరమా?

మన పాఠశాలలో పిల్లలను చేర్పించుటకు వచ్చు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "సారూ, తెలుగుల చదివితే రేపు పిలగానికి కంప్యూటరు పని వస్తదా?" ఫాక్‌లాండ్ రోడ్డు పరిసరములందలి చాళ్ళలో ఒక్క గదిలో కాపురముండి, కష్టించి పిల్లలను చదివించుకొనువారి ప్రశ్న యిది. దీనిని త్రోసివేయరాదు. ఈ భయముచేతనే కొందరు తమ పిల్లలను నడుమనే మాన్పించి వేరు మాధ్యమమునకు పంపుచున్నారు.

నేను హైదరాబాదులో శిక్షణ పొందిన తెలుగు ఉపాధ్యాయుడను; యంత్రవిద్య నా వృత్తి కాదు. అయినను ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత నాపై నున్నదని తలచి, ప్రోగ్రామింగు నేర్పు పుస్తకమును పిల్లల సరసన కూర్చుండి చదివితిని. చదివినకొలది నాకు ఆశ్చర్యము కలిగినది. అందలి తొలి పాఠము మన వ్యాకరణ పాఠమునకు మిక్కిలి సమీపమున నున్నది.

ఆ పాఠము డేటా టైపులను గూర్చినది. యంత్రమునకు మనమిచ్చు ప్రతి విలువయు ఏదో యొక రకమునకు చెందియుండవలెను. సంఖ్య యొక రకము. అవును, కాదు అను రెండే విలువలు గలది మరియొక రకము. అక్షరముల వరుస ఇంకొక రకము; దానిని స్ట్రింగు అందురు. స్ట్రింగు అనగా దారము. దారమున పూసలను గ్రుచ్చినట్లు అక్షరములను వరుసగా గ్రుచ్చిన దండ యని దానిని భావింపవచ్చును. విలువను, దానితో జరుపదగిన పనులను ఒక్కచోట కూర్చి ఆబ్జెక్టుగా భావించు పద్ధతికి 1960 దశకమున నార్వే దేశీయులగు ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను ఇరువురు సిములా అను భాషతో పునాది వేసిరి. నేడు జావా, పైథాన్ మొదలగు భాషలు ఆ బాటనే నడచుచున్నవి.

రకమును గూర్చి ఇంత పట్టుదల ఎందులకు? రకము తెలిసినగాని ఏ పని చేయవలెనో యంత్రమునకు తెలియదు. 2, 3 అను సంఖ్యలను కూడిక గుర్తుతో కలిపినచో 5 వచ్చును. అవియే స్ట్రింగులైనచో "23" వచ్చును. గుర్తు ఒక్కటే, ఫలము వేరు. హాజరుపట్టికలోని 07 ను సంఖ్యగా నమోదు చేసినచో ముందున్న సున్న పోయి 7 మాత్రమే మిగులును. మన కామాఠీపుర పిన్‌కోడు 400008 చూచుటకు సంఖ్యవలె నున్నను, దానిని ఎవ్వరును కూడరు, హెచ్చింపరు. కావున దానిని స్ట్రింగుగా నుంచుటయే ఉచితము.

ఇది మన పిల్లలకు క్రొత్త సంగతి కాదు. పదములు ద్రుతప్రకృతికములనియు, కళలనియు రెండు విధములని వారు తరగతిలో నేర్చుచున్నారు. పూచెను, కలువలు అను పదములు కలిసినచో "పూచెను గలువలు" అగును. ముందున్నది ద్రుతప్రకృతికము కనుక కకారము గకారమైనది. ముందున్నది కళ యైనచో ఈ సూత్రము వర్తింపదు. కలుపుటకు ముందు పదము ఏ రకమో తెలిసికొనవలెనని చిన్నయసూరి చెప్పినదానికిని, డేటా టైపును ముందు తెలిసికొనవలెనని ప్రోగ్రామింగు పుస్తకము చెప్పినదానికిని గల చుట్టరికము ఇట్టిది.

అయితే యంత్రమునకు తెలిసినది కొంచెమే. "రాముడు", "అతడు" అను రెండు స్ట్రింగులను కలుపుమన్నచో అది "రాముడుఅతడు" అని అంటించి ఊరకుండును. ఎనిమిదవ తరగతి పిల్లవాడు "రాముడతడు" అనును. యంత్రమునకు సంధి రాదు. తెలిసినవారెవరో సూత్రము వ్రాసి నేర్పవలెను.

అక్షరములను లెక్కించుటలోను ఇదే చిక్కు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరకినది. నేడు మన లిపికి 128 స్థానములుగల విభాగము కలదు. అందు కకారము సంఖ్య 3093. గుణింతపు గుర్తులకును, పొల్లునకును వేర్వేరు సంఖ్యలున్నవి. కావున "స్త్రీ" మనకు ఒక్క అక్షరమే యైనను పైథాన్ దాని పొడవు ఆరు అని చెప్పును: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. "తెలుగు" అను మూడక్షరముల మాటకును పొడవు ఆరే. ఆ మాటను వెనుకనుండి వ్రాయుమన్నచో మన పిల్లలు "గులుతె" అందురు. యంత్రము మాత్రము ఆధారము లేని కొమ్మునొకదానిని ముందుంచి, పిమ్మట "గులెత" అని వ్రాయును. గుణింతము తెలియనిదాని వ్రాత అట్లే యుండును.

ఇది వినోదమునకు చెప్పిన మాట కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను అక్షరమునకు చెందిన ఒకానొక కోడుల వరుస తెరపై కనబడినంతనే ఐఫోనులలో సందేశముల అనువర్తనములు స్తంభించిపోయినవి. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 అను కూర్పును విడుదల చేసి లోపమును సరిదిద్దినది. అంత పెద్ద సంస్థ యంత్రమును తడబడజేసినది మన సంయుక్తాక్షర మొక్కటి.

యంత్రము స్ట్రింగులను పోల్చునపుడు అక్షరములనే చూచును, అర్థమును చూడదు. ఫాక్‌లాండ్ రోడ్డు అనునది 1848 నుండి 1853 వరకు బొంబాయి గవర్నరుగా నుండిన దొర పేరు. ఆ వీధికే నేడు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు. నడచువానికి వీధి ఒక్కటే. యంత్రమునకు అవి రెండు వేర్వేరు స్ట్రింగులు. రెండును ఒక్క వీధివే యని ఎవరైనను చెప్పినగాని దానికి తెలియదు.

మన పిల్లలకు ఈ సంగతి వీధితో ఆగదు. మా విద్యార్థిని యొకతె పేరు లక్ష్మి. ఇంగ్లీషు అక్షరములలో ఒక పత్రమున ఆ పేరు కె, ఎస్, హెచ్‌లతో నున్నది. మరియొక పత్రమున ఈ నగరపు వాడుక ననుసరించి ఎక్స్‌తో నున్నది. ఒక కార్యాలయమున యంత్రము ఆ రెండును ఒక్కరివి కావని తేల్చినది. తండ్రి కూలి పోగొట్టుకొని రెండు దినములు తిరిగి, ప్రమాణపత్రము వ్రాయించి తేవలసివచ్చినది. తెలుగులో ఆ బాలిక పేరు ఒక్క తీరుననే వ్రాయబడును. ఆ తెలుగు పేరును చూచుటకు ఆ యంత్రములో గడి లేదు. గడి యుండవలెనని చెప్పగలవారు యంత్రమును తీర్చు చోట లేకపోవుటయే దీనికి కారణమని నా అభిప్రాయము.

కావున తల్లిదండ్రులకు నా మనవి. తెలుగు చదువు కంప్యూటరునకు అడ్డమని తలపవలదు. ఇంగ్లీషు నేర్వవలసినదే, యంత్రభాషలందలి ఆజ్ఞలు ఆ అక్షరములలోనే యున్నవి. కాని ఆలోచించు తీరు, రకము లెరుగుట, సూత్రము వర్తించు చోటును వర్తింపని చోటును వేరుచేయుట మన వ్యాకరణము చక్కగా నేర్పుచున్నది. ఈ మాసములోనే మీ పిల్లల పత్రములన్నియు ముందర పెట్టుకొని, పేరు అన్నింట ఒక్క తీరుననే యున్నదో లేదో చూడుడు.

పాఠశాల పెద్దలకు నా సూచన. వారమునకు ఒక గంట తెలుగు ఉపాధ్యాయుడును, కంప్యూటరు ఉపాధ్యాయుడును ఒక్క తరగతిలో కలిసి బోధించు ఏర్పాటు చేయవలెను. ఖర్చు లేని పని యిది.

విద్యార్థులారా! మీరు ప్రయోగశాలకు పోయినపుడు మీ పేరును తెలుగున వ్రాసి, దాని పొడవెంతయో యంత్రము నడుగుడు. అది చెప్పిన లెక్కకును, మీరు వ్రేళ్ళపై లెక్కించిన లెక్కకును భేదమెందుకు వచ్చినదో మీ పుస్తకమున వ్రాసికొని రండు. తెలంగాణము మొదలగు ప్రాంతములనుండి వచ్చి ఈ నగరమున కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరు ఈ పేటకు నిలిచినది. వారి వంశమువారు యంత్రమునకు గుణింతము నేర్పుట అసాధ్యమని నే ననుకొనను.