పల్లెటూరి జనసంఖ్య

లూకా సువార్తయందలి వృత్తాంతము మన విద్యార్థులందఱకును దెలిసినదే. ప్రజాసంఖ్య వ్రాయవలెనని కైసరు ఔగుస్తు ఆజ్ఞాపింపగా, యోసేపు నజరేతు విడిచి తన పూర్వుల యూరగు బేత్లెహేమునకు బోయెను. ఆ లెక్కకు మనుష్యుడు తన యూరికి రావలసియుండెను. నేటి లెక్క వేఱు. గణనము జరుగు దినములలో నొక్కనాడైనను ఇంటనున్నవానిని ఇంటనే వ్రాయుదురు. ఆ దినములన్నియు ఊర లేనివానిని వాడు కనబడినచోట వ్రాయుదురు. ఈ పద్ధతి మడకశిర ప్రాంతపు చిన్నపల్లెలకు నష్టకరమని మా యభిప్రాయము.

కారణము కాలమే. ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వానతో బ్రదుకు ఈ మెట్టసీమలో వేరుసెనగ, అనగా మన యిండ్లలోని చెనిక్కాయ, ఆషాఢమున విత్తి కార్తికమున పెఱుకుదురు. పిదప బోరునీరు గలవారికి మల్బరీతోటయు పట్టుపురుగులును ఉండును. తక్కినవారికి బెంగుళూరే దిక్కు. ఫిబ్రవరినాటికి వీథిలో సగమిండ్లకు తాళములు. అరుగులమీద అవ్వలు, తాతలు, వారి యొద్ద విడువబడిన పిల్లలు. 2011 జనగణనము జరిగినది ఫిబ్రవరిలోనే. 2021లో జరుగవలసినది జరుగలేదు. 2025లో వెలువడిన ప్రకటన మరల 2027 మార్చి 1వ తేదీనే ప్రమాణదినముగా నిర్ణయించినది. ఊరు మిక్కిలి ఖాళీగా నుండు నెలలోనే దాని కొలత తీయుట న్యాయమా?

బెంగుళూరిలో నున్నవానిని బెంగుళూరిలో లెక్కించుటయే సరియని కొందఱందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు; వాడు త్రాగు నీరు అచ్చటిది. కాని వాని చేను, రేషనుకార్డు, ఓటు, ముసలితల్లి ఇచ్చటనే యున్నవి. పంచాయతీకి వచ్చు ఆర్థికసంఘపు ధనము జనసంఖ్యను అనుసరించి వచ్చును. తొలకరికి వాడు తిరిగి వచ్చునప్పుడు వాని పాలి నీటికుళాయి యెవరి లెక్కలోనిది?

లెక్కలు వ్యర్థములని మేమనుట లేదు. 1876-78 క్షామము ఈ సీమకేమి చేసెనో లెక్కలే చెప్పుచున్నవి. అనంతపురము జిల్లాయైన ప్రదేశమున 1871లో ఏడు లక్షల నలుబదివేలకు పైగా నున్న జనము 1881 నాటికి ఆరు లక్షలకు లోబడెను. ఆ అంకెలు లేనిచో ఆ మృతులను నేడు తలచువారెవ్వరు? అట్లే ఊరు చిన్నదని త్రోసివేయుటయు తగదు. అమరాపురము చెంతనున్న హేమావతి నేడొక పల్లె. ఒకప్పుడది హెంజేరను పేర నొళంబరాజులకు రాజధాని.

కావున మా సూచన యిది. ఉన్నతతరగతుల విద్యార్థులు తమతమ యూళ్లకు ఒక్కొక్క పుస్తకము పెట్టవలెను. ఆషాఢమున ఒకమాఱు, మాఘమున ఒకమాఱు ఇల్లిల్లు తిరిగి, ఉన్నవారెందఱు, పోయినవారెందఱు, ఏ పనికి పోయిరి, బడి మానిన పిల్లలెవ్వరు అని వ్రాయవలెను. ఇంటివారి సమ్మతి లేక ఏదియు వ్రాయరాదు. మాతృభాష యను గడియొద్ద మాత్రము తొందరపడకుడు. ఇంట కన్నడము, బడిలో తెలుగు, సంతలో రెండును మాటలాడు మనవారు ఒక్కమాటతో బదులు చెప్పలేరు. రెండింటిని వ్రాయుడు.

ప్రభుత్వపు లెక్కకు ఇది బదులు కాదు. గ్రామసభలో అధికారులయెదుట రెండు ఋతువుల అంకెలను ప్రక్కప్రక్కన నుంచుటకు పనికివచ్చును. గణకులుగా తిరుగువారు పెక్కుచోట్ల ఉపాధ్యాయులే గనుక, వారి సాయమును పొందవచ్చును. మొదటి పుస్తకములకు కాగితమును పాఠశాలవారే సమకూర్పవలెనని కోరుచున్నాము.