క్యూఆర్ కోడ్‌కు గోండీ రాదు

ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఈ మధ్య సలహాలకు కొదవ లేదు. ఆటలతో చెప్పండి, పాటలతో చెప్పండి, వీడియో చూపించండి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, చేయించిన కృత్యాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. శిక్షణకు పోతే ఇదే మాట, కాంప్లెక్స్ మీటింగుకు పోతే ఇదే మాట. ఆటపాటల మీద నాకు పేచీ లేదు. సెల్‌ఫోన్ మీదా లేదు. నా పేచీ ఒక్కటే. పిల్లవాడికి తెలుగు వచ్చనుకుని ఈ సలహాలన్నీ మొదలవుతున్నాయి. మా ఉట్నూరు ఏజెన్సీ గూడేల నుంచి ఒకటో తరగతికి వచ్చే గోండు పిల్లల్లో, కొలాం పిల్లల్లో చాలామంది ఇంట్లో వినేది తెలుగు కాదు. ఆ సంగతి పట్టించుకోని కృత్యానికి ఎన్ని రంగులద్దినా అది పిల్లలకు తమాషాగానే మిగులుతుంది. చదువు కాదు.

ఒక్క మాట తీసుకుందాం. గోండీలో నీళ్లను ‘ఏర్’ అంటాం. గ్లాసులో నీళ్ల బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే మా పాప ‘ఏర్’ అంటుంది. తెలుగు మాత్రమే తెలిసిన టీచరుకు అది ‘ఏరు’లా వినిపిస్తుంది. ఏరు కాదమ్మా, నీళ్లు అని దిద్దుతారు. పాప చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన జవాబు. దానికి తప్పు పడింది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ పాప ఇక నోరు విప్పదు. అప్పుడు రిజిస్టరులో ‘వెనుకబడిన విద్యార్థి’ అని రాస్తాం. నిజానికి ఆ గదిలో భాష రానిది ఎవరికి?

2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మైదానపు పిల్లవాడికి ఒక పేజీ అయినా సొంతం. మా పిల్లలకు రెండు పేజీలూ పరాయివే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియో కూడా ఆ రెండు భాషల్లోనే మాట్లాడుతుంది. అది కూడా సిగ్నల్ దొరికిన గూడెంలో, కరెంటు ఉన్న రోజున.

చట్టాల్లో మన భాషకు చోటు లేదా అంటే ఉంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలంది. 2009 విద్యాహక్కు చట్టం ‘ఆచరణలో వీలైనంత వరకు’ మాతృభాషలో బోధించాలంది. 2020 జాతీయ విద్యావిధానం ‘వీలైన చోటల్లా’ కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాష ఉండాలంది. ఆ ‘వీలైనంత’ అనే మాట దగ్గరే మన పిల్లల చదువు ఆగిపోతోంది. ట్యాబులకు వీలైంది, తెరలకు వీలైంది, ఆన్‌లైన్ హాజరుకు వీలైంది. గోండీకే వీలు కాలేదు.

వీలవుతుందని ఎప్పుడో రుజువైంది. 1940లో కొమురం భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. అప్పుడు కరెంటు లేదు, రోడ్డు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండీ, కొలామీ, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో బహుభాషా విద్య పేరుతో తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు. అది కూడా ఏజెన్సీ బడులన్నిటికీ చేరి నిలబడలేదు. అంటే తెలియక ఆగిన పని కాదిది, పట్టుదల లేక ఆగిన పని.

విమర్శించి ఊరుకుంటే టీచరుకు రేపటి పీరియడుకు ఏమీ మిగలదు. థర్మోకోల్ కొనకుండా, నెట్ లేకుండా చేయగలిగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, ఫోనును చూపించడానికి కాక వినడానికి వాడండి. ప్రతి ఫోనులో వాయిస్ రికార్డర్ ఉంటుంది. దానికి సిగ్నల్ అక్కర్లేదు. గూడెంలో ఒక అవ్వను అడిగి రెండు నిమిషాల కథ రికార్డు చేయండి. తరగతిలో వినిపించి మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో అడగండి. చేయి ఎత్తని పిల్లవాడు ఉండడు. కథను వాళ్ల మాటల్లో నాలుగు వాక్యాలు చేసి తెలుగు లిపిలో గోండీ రాయండి, కింద తెలుగు రాయండి. బొమ్మ పిల్లలే వేస్తారు. కాగితాలు కుట్టేస్తే పుస్తకం. వారానికొకటి చేసినా ఏడాది చివరికి తరగతికి సొంత గ్రంథాలయం ఉంటుంది. ఒక్క జాగ్రత్త. అడగకుండా ఎవరి గొంతునూ బయట పెట్టకండి. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే దేవుడి కథలకు వేళ, సందర్భం ఉంటాయి. అవి యూట్యూబు సరుకు కాదు.

రెండోది, లెక్కలు. మన పిల్లలు ఎండాకాలంలో అమ్మానాన్నలతో తునికాకు కోతకు పోతారు. కట్టకు 50 ఆకులని వాళ్లకు తెలుసు. రెండు కట్టలు 100, ఇరవై కట్టలు 1000. ప్రామాణిక సంచికి వెయ్యి కట్టలు, అంటే 50,000 ఆకులు. స్థానవిలువలు చెప్పడానికి ఇంతకంటే మంచి సామగ్రి ఏ కిట్టులో వస్తుంది? ఇంకో అడుగు వేయండి. కల్లం దగ్గర వంద కట్టలకు ఐదు కట్టలు కొసరు అడిగితే పోయిన ఆకులెన్ని? 250. ఈ లెక్క వచ్చిన పిల్ల రేపు కల్లం దగ్గర నాన్న పక్కన నిలబడుతుంది.

మూడోది, మాటల గోడ. ఒక వరుసలో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. పక్క వరుసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు. పోలికలు పిల్లలే పట్టేస్తారు. గోండీ, కొలామీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలోని భాషలు. గోండీ చెడిపోయిన తెలుగు కాదు, దాని తోబుట్టువు. ఆ సంగతి ఈ గోడే చెబుతుంది. తరగతిలో కొలాం, లంబాడీ పిల్లలుంటే వాళ్లకూ ఒక్కో వరుస.

నాలుగోది, పరిసరాల విజ్ఞానం. నేల మీద ముగ్గుపిండితో గూడెం పటం గీయించండి. వాగు ఎటు, చేను ఎటు, బోరింగు ఎక్కడ, బడి ఎక్కడ. నెలల పాఠం వస్తే ఇప్పపూలు రాలే కాలం, దండారి ఆడే కాలం, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర పెట్టి క్యాలెండర్ చేయించండి.

వీటికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. గోండీలో చెబితే తెలుగులో, ఇంగ్లీషులో వెనకబడతారని మన తల్లిదండ్రులే భయపడతారు. ఆ భయం అన్యాయమైనది కాదు. ఉద్యోగాల పరీక్ష గోండీలో లేదు. కాని కూడిక అంటే ఏమిటో ఒక భాషలో అర్థమైన పిల్లకు ఇంకో భాషలో కావలసింది పేరు మాత్రమే. ఏ భాషలోనూ అర్థం కాని పిల్లకు మూడు భాషల్లో చెప్పినా మోతే. తెలుగు వద్దని, ఇంగ్లీషు వద్దని నేననడం లేదు. వాటికి దారి ఇంటి భాష మీదుగా వేయమంటున్నాను.

లిపి లేదంటారు. తెలుగు లిపితో నేడే మొదలుపెట్టవచ్చు. పైగా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. ఫోన్లో, కంప్యూటర్లో రాసే దారి తెరుచుకుంది. టెక్నాలజీ అంటే మనకు ఇది కూడా.

టీచరుకు భాష రాదంటారు. ఏజెన్సీలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నూరు శాతం వాటా కుదరదంది. ఏజెన్సీకి వచ్చే టీచరు అక్కడి భాష నేర్చుకోకూడదని మాత్రం అనలేదు. మైదానం నుంచి వచ్చిన టీచరు మనకు శత్రువు కాదు. మనసు పెడితే ఆరు నెలల్లో పిల్లలతో మాట్లాడేంత గోండీ వస్తుంది, పిల్లలే నేర్పుతారు. ఆ శిక్షణను సర్వీసు నిబంధన చేయాలని మనం అడగాలి. మన భాష వచ్చి కూడా తరగతిలో మాట్లాడటానికి సిగ్గుపడే ఆదివాసీ టీచర్లను అంతకంటే గట్టిగా అడగాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో మాకంటే మంచి ఫోన్లున్నాయి. దండారి రీళ్లు తీస్తున్నారు, సంతోషం. వారానికి ఒక కథ, పది మాటలు మీ గూడెం బడికి ఇవ్వండి. టీచర్లారా, వచ్చే సోమవారం నీళ్ల బొమ్మ చూసి ఒక పాప ‘ఏర్’ అంటే, అవునని ఆ మాటను బోర్డు మీద రాయండి. దాని పక్కన ‘నీళ్లు’ అని రాయండి.