లెక్కలో మరచిపోయిన పేరు



కోతలు అయ్యాక సంఘములో ఎవరో ఒకరు, "అయ్యగారూ, మెదక్ చర్చి చూసొద్దామండీ" అంటారు. చూడవలసినదే. కరువు రోజుల్లో ప్రజలకు పని ఇచ్చి, అన్నము పెట్టి పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. మనవంటి పేదల చేతులే ఆ రాళ్లు మోశాయి.

గుంటూరు వైపు నుండి రానూ పోనూ సుమారు 800 కిలోమీటర్లు. గోపురము కట్టదలచినవాడు ముందు ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట తలచుకొని, కొన్నేండ్ల క్రితం మేమూ కాగితం తీశాము. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే బండికి 67 లీటర్ల డీజిలు. లీటరు వంద చొప్పున వేసుకుంటే 6,700 రూపాయలు. ఆపైన రోజు కిరాయి, డ్రైవరు బత్తా, టోలు. (తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి మాట్లాడకండి. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము రాకపోవచ్చు. పసుపు ప్లేటు బండికైనా ఆలిండియా పర్మిట్ ఉందో లేదో అడగండి. లేకపోతే తెలంగాణలోకి వెళ్లేటప్పుడు పన్ను కట్టాలి.) పులిహోర, నీళ్లు ఇంటి నుండే తీసుకెళ్లాము. ఫాస్టాగ్‌లో ముందే డబ్బు వేయించాము.

చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్లున్నాయి. 24 గంటల్లో తిరిగి వస్తే రెండువైపులకు కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుందని నాకు తెలుసు. ఆదివారం ఆరాధన అందుకోవాలి కూడాను. శుక్రవారం రాత్రి బయలుదేరి శనివారం రాత్రే తిరుగుదాము, లాడ్జి ఖర్చు 1,200 మిగులుతుంది అన్నాను. నా తెలివికి అందరూ మెచ్చుకున్నారు.

కాగితం మీద ఆరుగురి పేర్లున్నాయి. ఏడవవాడు బండి నడిపే అబ్బాయి. అతనెక్కడ పడుకుంటాడో ఎవరమూ వ్రాయలేదు. మేము చర్చి చూస్తున్నంతసేపు అతడు చెట్టు క్రింద బండి తుడుస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో, తెల్లవారుజామున సూర్యాపేట దాటాక బండి రోడ్డు దిగి తుప్పల్లోకి పోయింది. ముందు సీటులో కూర్చున్నది నేనే. నేనూ నిద్రపోయాను. మా సంఘ పెద్దమ్మ ఒకామెకు మణికట్టు విరిగింది. ఆ అబ్బాయి రోడ్డు ప్రక్కన కూలబడి, "రెండు రాత్రులు కన్ను మూయలేదండీ అయ్యగారూ, మీతో చెప్పలేకపోయాను" అని ఏడ్చాడు. కట్టు కట్టించినందుకు అయిన ఖర్చుతో ఆ లాడ్జిలో వారం రోజులు ఉండవచ్చు.

మరుసటి ఆదివారం దేవుడు కాపాడాడని సాక్ష్యం చెప్పాను. నిజమే కాపాడాడు. కాని 1,200 మిగిల్చింది నేనేనని ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడు వ్రాస్తున్నాను. అలసి బదరీ చెట్టు క్రింద పడుకున్న ఏలీయాకు దేవదూత భోజనం పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. ఆ తరువాతే హోరేబుకు పంపాడు (1 రాజులు 19). దీనిమీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో!

ఇప్పుడు మా కాగితంలో మొదటి వరుస డ్రైవరు మంచం, భోజనం. రాత్రి పది దాటితే బండి ఆగుతుంది. సోమవారం వెళ్లి మంగళవారం వస్తాము. మనిషికి రెండు మూడు వందలు ఎక్కువవుతాయి కనుక నాలుగు నెలల ముందే చీటీలాగా పోగుచేస్తాము. ఆ పెద్దమ్మగారు ఇంకా మాతో వస్తున్నారు. ప్రార్థన అయ్యాక బండి ఎక్కేముందు ఆమే ముందుకు వెళ్లి, "నాయనా, రాత్రి నిద్రపోయావా?" అని అడుగుతారు.