ఎకరా అమ్మి కాలేజీలో చేర్పిస్తున్నారా? ఒక్క మాట వినండి



పదో తరగతి ఫలితాలు రాగానే మన పల్లెల్లో రెండు వారాలు ఒకటే సందడి. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు మోటారు సైకిళ్లేసుకుని రచ్చకట్ట దాకా వస్తారు. మీవాడికి ఇంజనీరింగు సీటు మాది గ్యారంటీ అంటారు. అప్పో సప్పో చేసి కర్నూలులోనో, తిరుపతిలోనో, విజయవాడలోనో హాస్టల్లో చేర్పిస్తాం. ట్రంకు పెట్టె దించి వచ్చినాక ఇక మన పని అయిపోయిందనుకుంటాం. మళ్లీ మార్కుల గురించి అడిగేది రెండో ఏడాది ఫలితాలు వచ్చిననాడే. అప్పుడు అడిగి ఏం లాభం? పిందె రాలిపోయినాక మందు కొట్టినట్టుంటుంది.

నేను చెప్పేది ఈ మధ్యలో ఎవరూ పట్టించుకోని ఇంటర్ మొదటి సంవత్సరం గురించి. దాని పరీక్ష కూడా బోర్డు పరీక్షే. ఆ మార్కులు చివరి మార్కుల జాబితాలో కలుస్తాయి. 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్న మన పాత ఎంసెట్‌లో ప్రశ్నలు రెండేళ్ల పాఠాల నుంచీ వస్తాయి. మొదటి ఏడాది ఫిజిక్సు అర్థం కానివాడికి రెండో ఏడాది ఫిజిక్సు ఎట్లా అర్థమవుతుంది? గొర్రు తోలిననాడు సాలు తప్పితే గుంటక పాసేటప్పుడు తిప్పలు ఎవరివో మీకు నేను చెప్పాలా.

ముందుగా గ్రూపు సంగతి. ఎదురింటివాడు ఎంపీసీ కాబట్టి మనవాడూ ఎంపీసీ. బైపీసీ అంటే డాక్టరు ఒక్కటే, అది మనవల్ల ఎక్కడవుతుందిలే అనుకుంటాం. అది సరికాదు. బైపీసీ చదివి ఈఏపీసెట్ రాస్తే బీఎస్సీ వ్యవసాయం ఉంది, ఉద్యానం ఉంది. మహానందిలో 1991 నుంచి వ్యవసాయ కళాశాల నడుస్తోంది. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఇవన్నీ మన బస్సులు పోయే ఊళ్లే. మహానందికి తిరునాళ్లకు పోయి వస్తాం గానీ, ఆ కాలేజీ గేటు లోపల ఏముందో ఎంతమందిమి చూసినాం?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ వ్యవసాయం సీట్లలో నూటికి 40 రైతుబిడ్డల కోటా. దానికి రెండు ముఖ్యమైన షరతులున్నాయి. పిల్లవాడు మున్సిపాలిటీ కాని ఊర్లో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి. ఇంటికి కనీసం ఎకరా భూమి ఉండాలి. మిగతా వివరాలు ఆ యేడు వచ్చే ప్రకటనలో చదువుకోండి, లేదా చదివినవాళ్ల చేత చదివించుకోండి. ఈ రెండు షరతులూ ఎవరికి సరిపోతాయి? ఊరిబడిలో పిల్లల్ని చదివించి, ఎకరా రెండెకరాల మెట్టలో శనగకాయ వేసుకునే మనకే. అట్లాంటిది ఆ ఎకరా అమ్మి, ఆ డబ్బుతో హాస్టలు ఫీజు కడుతున్నాం. సీటు తెచ్చిపెట్టే కాగితాన్ని అమ్మి సీటు కొనబోతున్నాం అన్నమాట! ఫీజు కోసం భూమి అమ్మడానికి నేను ఎప్పుడూ వ్యతిరేకమే. బైపీసీ పిల్లలున్న ఇంట్లో అయితే అది రెండింతలు తప్పు.

కోటా ఉందని సీటు నడిచి రాదు. ర్యాంకు కావాల్సిందే, పోటీ గట్టిదే. ఇంకో చిక్కు కూడా ఉంది. మనలో చాలామందికి భూమి ఇంకా చచ్చిపోయిన తాత పేరు మీదే నడుస్తుంటుంది. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఎవరి చేను వాళ్లు దున్నుకుంటుంటారు. పాసుపుస్తకం ఉండదు, 1బీలో పేరు ఉండదు. కౌన్సెలింగు నాడు నోటిమాట చెల్లదు. వారసత్వ మార్పుకు తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాల్సొస్తుందో తిరిగినవాళ్లకే ఎరుక. కాబట్టి ఆ పని మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టండి. దాంతోపాటే నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు తీసి ఒక సంచిలో పెట్టండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకే తీరున ఉన్నాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా చివరి వారంలో ప్రాణం మీదికి వస్తుంది.

ఆదోని, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు రైతులకు వేరే మాట చెప్పాలి. వానలు మొండిచెయ్యి చూపిన యేడు సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకోతలకు ఊర్లు ఊర్లే కదులుతాయి. పోవద్దని చెప్పేందుకు నేనెవర్ని, పొయ్యి వెలగాలి కదా. కానీ ఇంటర్ మొదటి ఏడాది పిల్లను వెంట తీసుకుపోతే ఆ చదువు అంతటితో ఆగినట్టే. హాజరు చాలకపోతే పరీక్ష దగ్గరే ఇబ్బంది వస్తుంది. వచ్చే కూలి ఒక సీజనుది, పోయే చదువు ఒక బతుకుది. ఆడపిల్లలకు కస్తూరిబా విద్యాలయాలు ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఇంటర్ కూడా ఉంది. తిండి, వసతి అక్కడే. సుగ్గికి పోయే ముందే ఆ ప్రయత్నం చేయండి.

ఆదోని మండలంలో ఒక కూలి కుటుంబం అమ్మాయి సంగతి 2024లో పేపర్లన్నింటిలో వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. పదో తరగతి పాసైనాక పెళ్లి చేద్దామనుకున్నారు. ఆ పిల్ల ఊరికొచ్చిన ఎమ్మెల్యే దగ్గరికి పోయి చదువుకుంటానని అడిగింది. కలెక్టరు కల్పించుకుని కస్తూరిబాలో బైపీసీలో చేర్పించినారు. మొదటి సంవత్సరం ఫలితాల్లో ఆమె రాష్ట్రంలోనే పై వరుసలో నిలిచింది. తల్లిదండ్రులు చెడ్డవాళ్లని నేను అనను. అంతకుముందే ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేసి అలిసిపోయినవాళ్లు. ఆ పిల్ల అడగకపోయి ఉంటే ఏమయ్యేది? అడగలేని పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు?

డబ్బు మాట. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఇంటర్ పిల్లల తల్లుల ఖాతాల్లో కూడా పిల్లకు 13,000 రూపాయల చొప్పున పడింది. అదే యేడు జనవరి నుంచి సర్కారు జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం పెట్టినారు. సర్కారు కాలేజీ అనగానే ముక్కు విరవకండి. లెక్చరర్లున్న చోట చదువు బాగానే ఉంటుంది. తల్లి ఖాతాలో పడిన డబ్బు విత్తనాల షాపు బాకీకి పోతే మాత్రం ఆ పథకం పేరు షాపు వందనం అని మార్చుకోవాల్సిందే.

పదో తరగతిలోనే ఉన్న పిల్లలకు ఇంకో రెండు దారులు. వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్లది. 2019లో గ్రామ వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు పడినప్పుడు ఆ డిప్లొమావాళ్లు కూడా అర్హులే. పైకి చదవాలంటే అగ్రిసెట్ రాయొచ్చు. రెండోది 2008లో వచ్చిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. ఆరేళ్ల చదువు, పదో తరగతి మార్కులే దిక్కు.

దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు. ఆ వేళకు క్వార్టర్లీ పరీక్ష అయిపోయి ఉంటుంది. మార్కులు అడగండి. తక్కువ వచ్చినాయంటే వెంటనే చెయ్యెత్తకండి. ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర ఆగిపోయినాడో అడగండి, ఆ పాఠం చెప్పేవాళ్లు కాలేజీలో ఉన్నారో లేదో అడగండి. ఫిజిక్సు లెక్చరరే లేడని తెలిస్తే మీ ఊరి నలుగురు తండ్రులు కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి పొండి. యూరియా బస్తా కోసం తెల్లారకముందే లైన్లో నిలబడుతున్నాం, దీనికి ఒక పూట చాలు.